మన చీటీ మనమే చదువుకుందాం



స్కాలర్‌షిప్ ఫారం ఎలా నింపాలో, కుల ధృవీకరణ పత్రానికి ఎక్కడ నిలబడాలో, మెస్ బిల్లు ఆగిపోతే ఏ ఆఫీసుకు పోవాలో మన హాస్టల్లో ఇంటర్ చదివే తమ్ముడిని అడిగినా చెబుతాడు. ఇవేవీ మన ఇళ్లలో నేర్పినవి కావు. సీనియర్లను చూసి, ఆఫీసుల చుట్టూ తిరిగి నేర్చుకున్నాం. కానీ ఒంట్లో బాగాలేకపోతే ఏ డాక్టరు దగ్గరకు పోవాలి, పోయి ఏమడగాలి అన్నది మాత్రం ఎవరూ ఎవరికీ చెప్పరు. జ్వరం వస్తే మొదటి రోజు దుప్పటి కప్పుకుని పడుకుంటాం. రెండో రోజు రూమ్మేటు మెడికల్ షాపుకు పోయి "జ్వరానికి ఇవ్వండి" అని నాలుగు మాత్రలు తెస్తాడు. మూడో రోజు వార్డెన్ గారికి తెలిస్తే ఇంటికి పంపిస్తారు. ఇంటి దగ్గర ఆర్.ఎం.పి. గారు ఉండనే ఉంటారు.

ఆర్.ఎం.పి.లను తిట్టడం మా ఉద్దేశం కాదు. అర్ధరాత్రి తలుపు కొడితే లేచి వచ్చేది ఆయనే. డబ్బులు పంట చేతికొచ్చాక ఇమ్మనేదీ ఆయనే. 2006లో చికున్‌గున్యాతో ఊరంతా మంచం పట్టినప్పుడు ఇంటింటికీ తిరిగింది ఆయనేనని మా పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. అందుకే ఆయన మాటంటే అంత గురి. కానీ ఆయన మంచివాడైతే ఆయన ఇచ్చే మందు కూడా మంచిదై పోదు కదా. నొప్పులకు వేసే కొన్ని సూదుల్లో స్టెరాయిడ్ ఉంటుంది. సాయంత్రానికి లేచి తిరుగుతాం, "చెయ్యి మంచిది" అంటాం. లోపల జబ్బు మాత్రం అలాగే ఉంటుంది, పైకి కనబడదు, అంతే. ఇక సెలైన్ సంగతి. నీరసంగా ఉందంటే సీసా ఎక్కించమని మనమే అడుగుతాం. మామూలు సెలైన్ అర లీటరు సీసాలో ఉండేది నాలుగున్నర గ్రాముల ఉప్పు, మిగతాదంతా నీళ్లు. బలం అనేది ఏమీ లేదు. నోటితో తాగగలిగిన వాడికి ఓ.ఆర్.ఎస్. పొడి లీటరు నీళ్లలో కలిపి ఇస్తే సరిపోతుంది. అది ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఊరికే ఇస్తారు. ఊరికే ఇస్తారు కాబట్టే మనకు దాని మీద నమ్మకం లేదేమో!

మరి మంచి డాక్టరును గుర్తుపట్టడం ఎలా? మన ఇళ్లలో దీనికి రెండే కొలతలు. ఒకటి, సూది వేస్తాడా లేదా. రెండు, ఆసుపత్రి ఎన్ని అంతస్తులు. మేము ఈ రెండింటినీ ఒప్పుకోము. ముందు బోర్డు చదవండి. ఎం.బి.బి.ఎస్. ఉందా, దాని పక్కన రిజిస్ట్రేషన్ నంబరు ఉందా చూడండి. ఆ నంబరును క్లినిక్కులో కనబడేలా పెట్టాలని, చీటీ మీద కూడా వేయాలని 2002లో వచ్చిన వైద్యుల ప్రవర్తనా నియమావళి చెబుతోంది. అది మెడికల్ కౌన్సిల్ ఇచ్చే నంబరు, మన హాల్ టికెట్ నంబరు లాంటిది. కడుపు నొప్పికి, దగ్గుకు నేరుగా జిల్లా కేంద్రంలోని పెద్ద స్పెషలిస్టు దగ్గరకు పరుగెత్తనక్కర లేదు. చాలా జబ్బులకు మామూలు ఎం.బి.బి.ఎస్. డాక్టరు చాలు, అవసరమైతే పైకి ఆయనే పంపుతాడు.

చదువు సరిపోయాక చూడాల్సింది మనిషిని. ఒంటి మీద చెయ్యి వేసి చూశాడా? ఎన్నాళ్లుగా ఉంది, ఇంతకు ముందు ఏ మందులు వాడావు, ఏ మందైనా పడదా అని అడిగాడా? అన్నిటికంటే ముఖ్యంగా, మనం అడిగితే చెప్పాడా? ఇక్కడే మన గొంతు పెగలదు. తాతల కాలం నుంచి కుర్చీలో కూర్చున్న వాడి ముందు చేతులు కట్టుకుని నిలబడిన వాళ్లం. డిగ్రీ చేతికొచ్చినా ఆ అలవాటు ఒంట్లోంచి పోలేదు. "సార్, నా జబ్బు పేరేమిటి? ఈ రక్త పరీక్ష ఎందుకు? ఈ మాత్ర ఎన్ని రోజులు వాడాలి? తగ్గకపోతే ఎప్పుడు రావాలి?" ఈ నాలుగు మాటలకు ఎవరి అనుమతీ అక్కర లేదు. సర్కారు ఓపీలో వెనక వందమంది ఉంటారు, నిజమే, డాక్టరు గారికి తీరిక ఉండదు. అందుకే ప్రశ్నలు ముందే కాగితం మీద రాసుకుని పోవాలి. అడిగినందుకు కసురుకునే డాక్టరు ఎంత పేరున్నవాడైనా సరే, రెండోసారి ఇంకొకరిని వెతుక్కోవడం మేలని మా అభిప్రాయం. అమ్మాయిల హాస్టళ్లలో ఉన్న చెల్లెళ్లకు ఇంకో మాట. పరీక్ష చేసేటప్పుడు పక్కన ఒక ఆడమనిషి ఉండాలని అడగడం మీ హక్కు, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఇప్పుడు మన హాస్టల్ జబ్బు దగ్గరకు వద్దాం. గజ్జి. నవ్వకండి. ఏటా చలికాలం వచ్చిందంటే రాత్రిళ్లు రూములన్నీ గోకుడే. ఒకడికి మందు తెస్తాం, వాడికి తగ్గుతుంది, పదిహేను రోజులకు మళ్లీ మొదలు. కారణం మురికి అనుకుంటాం. కాదు, కంటికి కనబడనంత చిన్న పురుగు చర్మంలో బొరియ చేసుకుని గుడ్లు పెడుతుంది. మొదటిసారి పట్టినవాడికి దురద పుట్టడానికే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంటే, దురద లేని రూమ్మేటు కూడా దాన్ని మోస్తూ ఉండవచ్చు. కాబట్టి ఒక్కడికి మందు రాస్తే లాభం లేదు. రూములో అందరూ ఒకే రాత్రి, డాక్టరు రాసిన పెర్మెత్రిన్ క్రీము మెడ నుంచి అరికాళ్ల దాకా, వేళ్ల సందుల్లో కూడా రాసుకోవాలి. తెల్లవారి స్నానం చేసి, బట్టలు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతకాలి. ఉతకలేనివి కవరులో మూటగట్టి వారం పక్కన పెడితే పురుగు చస్తుంది. డాక్టరు చెప్పినట్టు వారానికి మళ్లీ రాయాలి. పురుగు పోయినా దురద రెండు మూడు వారాలు ఉండవచ్చు, కంగారు పడొద్దు. మెడికల్ షాపువాడు అలవాటుగా ఇచ్చే స్టెరాయిడ్ కలిసిన ట్యూబులు మాత్రం ముట్టుకోవద్దు. దురద తగ్గినట్టుంటుంది, గజ్జి ఊరుకోదు.

వారానికొకటి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రల సంగతి కూడా అంతే. విరేచనం నల్లగా వచ్చిందని భయపడి కిటికీలోంచి విసిరేసే తమ్ముళ్లు, చెల్లెళ్లు చాలామంది ఉన్నారు. ఐరన్ తింటే అలాగే వస్తుంది, అది జబ్బు కాదు. అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుంది, వెంటనే టీ తాగకపోతే చాలు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నట్టు తేలింది. అది మన అమ్మల లెక్క, మన చెల్లెళ్ల లెక్క. దగ్గు రెండు వారాలు దాటితే టానిక్కులు మాని తెమడ పరీక్షకు పోవాలి. టి.బి. అని తేలితే పరీక్షా మందులూ ఉచితమే. పోషణకు 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు, 2024 నవంబరు నుంచి దాన్ని 1000 చేశారు.

2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ పెద్ద ఆపరేషన్ల దగ్గర ఎన్నో పేద కుటుంబాలను అప్పుల్లోంచి కాపాడింది. కాదనం. కానీ మన ఇళ్లను తినేవి ముందు చిన్న జబ్బులే. నాన్నకు బీపీ మాత్రలు రాస్తే, తల తిరగడం తగ్గగానే ఆపేస్తాడు. "బాగానే ఉన్నాగా, ఎందుకురా ఊరికే?" అంటాడు. బాగుండడానికి కారణం ఆ మాత్రే అని ఆయనకు చెప్పగలిగింది ఇంట్లో చదువుకున్న మనమొక్కరమే. పండక్కి పోయినప్పుడు ఆ చీటీ తీసి చదవండి. పాతవన్నీ ఒక కవరులో పెట్టండి. ఆసుపత్రిలో పడుకుని వచ్చినవారు తమ రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని ఆ 2002 నియమావళిలోనే ఉంది. ఏటా ఏప్రిల్ 14న మనం దండ వేసే బాబాసాహెబ్ కూడా మధుమేహంతో ఏళ్ల తరబడి బాధపడ్డారు. ఆయన చదువు గురించి చెప్పుకున్నంతగా ఈ సంగతి మన సభల్లో చెప్పుకోం.

హాస్టల్ కమిటీకి మా కోరిక ఒకటే. హాజరు పట్టీ లాగే ప్రతి రూముకు ఒక ఆరోగ్య పుస్తకం పెట్టండి. బరువు, హిమోగ్లోబిన్, పడని మందులు, డాక్టరు చీటీ నకలు అందులో ఉండాలి, పక్కవాడు చదవకుండా బీరువాలో ఉండాలి. పూర్వ విద్యార్థుల్లో నర్సులున్నారు, ల్యాబ్ టెక్నీషియన్లున్నారు, ఫార్మసిస్టులున్నారు. వార్షికోత్సవానికి వచ్చినప్పుడు శాలువా కప్పించుకునే ముందు ఒక గంట మా రూములకు రండి అన్నా, అక్కా. గజ్జికి రూములవారీగా మందు రాసే రాత్రి ఈసారి డిసెంబరు మొదటి శనివారం పెట్టుకుందామనుకుంటున్నాం. మర్నాడు ఆదివారం, దుప్పట్లు ఉతుక్కోవచ్చు. ఆ రోజు వేడినీళ్లకు కట్టెలు ఎక్కువ కావాలని వంట మాస్టరు గారికి ముందే చెప్పాలి.