టొయోటా పేరు – మనము నేర్వవలసిన నీతి

మన పట్టణములలో మోటారుబండ్ల ప్రస్తావన వచ్చినచోట టొయోటా పేరు వినబడకుండుట అరుదు. 2000లో క్వాలిస్, 2005లో ఇన్నోవా ఈ దేశపు బాటలకెక్కినవి. నాటినుండి బాడుగబండ్లవారును, తిరుపతి యాత్రికులును, పెండ్లివారును, మంత్రులును, మంత్రుల వెంట దిరుగు అనుచరులును ఆ కార్ఖానా బండ్లకై ఎగబడుచునే యున్నారు. ఇంజనుకు చావు లేదనియు, ఎంత త్రిప్పినను మొరాయింపదనియు, అమ్మబోయినను ధర చెడదనియు యజమానులు ముక్తకంఠముతో చెప్పుదురు. ఈ స్తోత్రము వట్టిది కాదు. బండిని నడిపి బ్రదుకువాడు ప్రకటనలకు మోసపోడు. వాని లెక్క బాటమీదనే తేలును.

మాకు పేచీ ఆ మెప్పుతో కాదు. ఆ మెప్పునుండి మనవారు తీయుచున్న సిద్ధాంతముతో. “పనితనము జపానువారి రక్తములోనే యున్నది, మనకది పట్టుబడదు” అని కొందరు నిట్టూర్చుచున్నారు. “విదేశి వస్తువును మెచ్చుటయే ద్రోహము, స్వదేశి ముద్ర యున్నచో చాలును, గుణము నడుగరాదు” అని మరికొందరు గర్జించుచున్నారు. ఈ రెండు వాదములును ఒకే సోమరితనమునకు పుట్టిన కవలలు. మొదటిది మనలను పనినుండి తప్పించును. రెండవది పరీక్షనుండి తప్పించును. ఆ సంస్థ చరిత్రను ఎరిగినవా డీ రెంటిలో దేనిని నమ్మజాలడు.

ఆ కథ మోటారుతో కాదు, మగ్గముతో మొదలైనది. 1867లో షిజువోకా ప్రాంతపు పల్లెలో ఒక వడ్రంగి యింట సాకిచి టొయోడా పుట్టెను. గొప్ప కళాశాల లేదు. వెనుక ధనము లేదు. ఊరి యింటింట నేయుచున్న మగ్గమును చూచి, దానినెట్లు బాగుచేయనగునా యని తపించెను. 1891లో కొయ్యమగ్గమునకు మొదటి పేటెంటు పొందెను. ముప్పది సంవత్సరములకు పైగా కృషిచేసి 1924లో పూర్తిచేసిన యంత్రపుమగ్గ మాయన కీర్తికి శిఖరము. నాడెలో నూలు తరిగినచో మగ్గ మాగకయే క్రొత్త నాడె వచ్చి చేరును. పోగు తెగినచో మగ్గము తనంతట తానే ఆగిపోవును. తప్పుపడిన గుడ్డ ఒక్క జానెడైనను ముందుకు సాగదు.

1929లో ఈ మగ్గపు హక్కులను లక్ష పౌనుల కొడంబడిక చేసికొని కొన్నవారెవరు? ఇంగ్లండులోని ఓల్డ్‌హాం పట్టణపు ప్లాట్ బ్రదర్సు వారు. ప్రపంచమునకెల్ల మిల్లుయంత్రముల నమ్మిన లాంకషైరు దొరలు! మన చేనేతను ఏ లాంకషైరు బట్ట కూలద్రోసెనో, ఆ లాంకషైరే ఒక ఆసియా వడ్రంగి కుమారుని యెదుట చేయిచాచవలసి వచ్చెను. తెల్లవారికి పుట్టుకతో వచ్చిన యంత్రప్రజ్ఞ కలదని నమ్మినవారికి నాడే సమాధానము దొరికినది. జపానువారికి పుట్టుకతో వచ్చినదని నేడు నమ్మువారికి సమాధానము దొరకవలసియున్నది.

సాకిచి కుమారుడు కీచిరో 1933లో ఆ మగ్గముల కార్ఖానాలోనే మోటారు శాఖను తెరచెను. ఏమి చేసెను? అమెరికా షెవర్లే బండి నొకదానిని తెప్పించి, మరమర విప్పి చదివెను. అనుకరణ మని సిగ్గుపడలేదు. 1935లో వెలువడిన తొలి లారీలు పదేపదే చెడిపోయినవి. అప్పుడా సంస్థ చేసిన పని గమనింపదగినది: తన మరమ్మతు మనుషులు చేరగల చోట్లనే బండ్లనమ్మి, చెడినదానిని తన ఖర్చుతో బాగుచేసి, ఏది విరిగెనో వ్రాసికొని మరుసటి బండిలో దిద్దుకొనెను. 1936లో ఇంటిపేరైన టొయోడాను కొంచెము మార్చి టొయోటా అని బండికి పెట్టిరి. 1937లో వేరు సంస్థగా నిలిపిరి.

ఇందులో ప్రభుత్వము చేయూతయు కలదు. 1936నాటి జపాను మోటారు చట్టము ఫోర్డు, జనరల్ మోటార్సు సంస్థలకు ఆ దేశమున ఊపిరాడకుండ చేసినది. తమ పరిశ్రమను కాపాడుకొనుట తప్పని మేము చెప్పము. అయితే ఆ కాపుదల వెనుక సైన్యమున్నదనియు, చైనాపై దండెత్తిన సేనలకు టొయోటా లారీలు సరఫరా అయినవనియు మరువరాదు. పారిశ్రామిక కీర్తిని పాడువారు ఆ పుటను చింపివేయుట సత్యద్రోహము.

యుద్ధానంతరము సంస్థ దివాలా అంచునకు చేరెను. 1950లో ఇంచుమించు రెండువేలమంది పనివారు ఉద్యోగములు కోల్పోయిరి, సమ్మె నడచినది. పనివారిని తీసివేయనని మాట యిచ్చియుండిన కీచిరో ఆ బాధ్యతను తానే వహించి అధ్యక్షపదవిని విడిచెను. 1952లో మరణించెను. తాము మిగిలి, కూలివానిని మాత్రమే పంపివేయు మన మిల్లుదొరల కీ వార్త వింతగా తోచవచ్చును.

ఇక రక్తవాదులు వినదగిన సంగతులు రెండు కలవు. 1957లో ఈ సంస్థ క్రౌను అను కారును అమెరికాకు పంపినది. ఆ దేశపు విశాలమైన రాజబాటలపై అది వేగ మందుకొనలేక, వేడెక్కి, నవ్వులపాలై, కొలది యేండ్లలోనే వెనుకకు తగ్గవలసి వచ్చెను. ఆనాడు జపాను సరకనగా లోకమునకు చవుకబారు సరకు. ఆ రక్తమే కదా నాడును ప్రవహించినది! మారినదేమి? పని పద్ధతి. 1950నుండి జపానులో నాణ్యమును గురించి ఉపన్యసించిన డెమింగు పండితు డమెరికావాడే. ఆయన పేరిట నెలకొల్పిన బహుమానమును టొయోటా 1965లో గెలుచుకొనెను. నూలుమిల్లు కొలువునుండి వచ్చిన తాయిచి ఓనో మగ్గపు ధర్మమును మోటారు కార్ఖానాలో స్థాపించెను. బండ్లు బారుగా సాగుచు తయారగుచోట పైన ఒక త్రాడు వ్రేలాడును. బిగింపు సరిపడలేదని తోచిన పనివాడు దానిని లాగును. దీపము వెలుగును; పైమేస్త్రీ పరుగున వచ్చును; అప్పటికప్పుడు చక్కబడనిచో ఆ బారు ఆగిపోవును. ఒక సామాన్య కూలివాని మాటపై కార్ఖానా నిలిచిపోవుట! పోగు తెగిన మగ్గ మాగినట్లు మనుష్యుల కార్ఖానాయు ఆగవలెననుటయే ఆ సంస్థ కనుగొన్న మహామంత్రము. 1966లో పుట్టిన కొరోలా దేశదేశముల తిరిగి సంపాదించిన పేరున కిదియే పునాది.

రెండవ సంగతి ఇంకను గట్టిది. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంటు పట్టణమున జనరల్ మోటార్సు కార్ఖానా యొకటి 1982లో మూతపడెను. పనికి రాకుండుట, నిత్యము తగవులు, తప్పులతడక బండ్లు – దాని యపకీర్తి అంతింత కాదు. 1984లో టొయోటాయు జనరల్ మోటార్సును కలిసి దానినే తెరచి, వెనుకటి పనివారినే పెక్కుమందిని తిరిగి చేర్చుకొనిరి. మనుషులు వారే, సంఘము అదే, చేతికి త్రాడు మాత్రము క్రొత్తది. కొలదికాలములో అచ్చట తయారైన బండ్లు జపాను బండ్లకు సాటి యనిపించుకొనెను. రక్త మెక్కడ మారినది? మన ఇన్నోవాలు మాత్రము ఎక్కడివి? బెంగుళూరు చెంత బిడదిలో కన్నడిగులును, తెలుగువారును, తమిళులును చేరి చేసినవి కావా? వాటిని మెచ్చుచు మన చేతులను నిందించుట ఎంతటి వెఱ్ఱి!

ఇంతవరకు చెప్పినది కీర్తి. ఇక అపకీర్తియు చెప్పవలయును. 2009 ఆగస్టులో కాలిఫోర్నియాలో ఈ సంస్థ బండి యొకటి అదుపు తప్పి పరుగెత్తి నలుగురు మరణించిరి. క్రిందనున్న చాప వేగపు మీటను పట్టివేయుట, మీటయే బిగిసిపోవుట అను దోషములు బయటపడి, ఎనుబది లక్షలకు మించిన బండ్లను వెనుకకు పిలిపింపవలసి వచ్చెను. 2010 ఫిబ్రవరి 24న కీచిరో మనుమడు అకియో టొయోడా అమెరికా శాసనసభ సంఘము నెదుట నిలిచి, తమ పెరుగుదల తమ మనుషులను తీర్చిదిద్దు వేగమును మించిపోయెనని ఒప్పుకొని క్షమాపణ చెప్పెను. దోషము విద్యుత్పరికరములలో లేదని 2011లో ప్రభుత్వ పరిశోధన తేల్చినది. అయినను 2014లో ఆ సంస్థ నూటయిరువది కోట్ల డాలర్లు చెల్లింపవలసి వచ్చినది. దేనికి? బండి చెడినందుకు కాదు. చెడిన సంగతిని గురించి ప్రజలను తప్పుదోవ పట్టించినందుకు.

2023 డిసెంబరులో అంతకంటె నీచమైన వార్త వెలువడెను. టొయోటాకు పూర్తిగా చెందిన దైహాట్సు సంస్థ 64 రకముల బండ్ల పరీక్షలలో అక్రమములు చేసినదని విచారణసంఘము వెల్లడించినది. గ్రుద్దుకొన్నప్పుడు ప్రాణము కాపాడవలసిన గాలిసంచి తనంతట తెరచుకొనుటకు మారుగా, పరీక్షనాడు గడియారపు కీలుతో తెరపించిరట! గడువు ముంచుకొని వచ్చుచుండ, “కాలేదు” అని పైవానితో చెప్పు ధైర్యము క్రిందివానికి లేకపోయెనని ఆ సంఘమే వ్రాసినది. 2024 జనవరిలో మరియొక సంగతి: మూడు డీసెలు ఇంజనుల శక్తిని కొలుచునప్పుడు, లెక్కలు నునుపుగా కనబడునట్లు వేరు సాఫ్టువేరును వాడిరని తేలినది. ఆ దినములలో ఈ దేశమునను ఇన్నోవా క్రిస్టా, ఫార్చ్యూనర్, హైలక్సు బండ్ల పంపకము కొంతకాల మాగెను. ఇది చేసిన సంస్థ యేది? సాకిచి మగ్గము లమ్ముటకు పుట్టిన ఆ తొలి కార్ఖానాయే! పోగు తెగినచో ఆగుమని లోకమునకు నేర్పిన యింట, పోగు తెగినను ఆపక నేసిరి. పేరు రక్తములోనిదైనచో ఇది జరుగునా? పేరు నిత్యము చేయవలసిన పని. నిన్న చేసినది నేటికి చెల్లదు.

ఇప్పుడు మన యింటివైపు చూతము. సాకిచి పుట్టిన రెండేండ్లకు, 1869లో, మనదేశమున లక్ష్మణరావు కిర్లోస్కరు పుట్టెను. ఆయన బెళగాంలో సైకిళ్ల అంగడి నడిపెను, ఇనుపనాగళ్లను చేసెను, 1910లో ఔంధు సంస్థానపు ముళ్లదొడ్డిలో కిర్లోస్కరువాడిని కట్టెను. ఒకడు మగ్గముతో, ఒకడు నాగలితో – ఇద్దరును సమకాలికులు, ఇద్దరును గ్రామజీవనమునకు కావలసిన పనిముట్టునే పట్టుకొనిరి. 1997లో ఆ రెండు పేర్లును బిడదిలో ఒకే పలకపై కెక్కినవి; తుదకు వాటా నూటికి 89 జపానువారిది, 11 కిర్లోస్కరువారిది అయినది. ఈ 89కిని 11కిని నడుమనున్న దూరము బుద్ధిలోనిది కాదు. ఒకచోట తరతరములుగా ప్రభుత్వము, పెట్టుబడి, పాఠశాల, పనివాడు ఒకే దిక్కునకు లాగిరి. మనచోట పరతంత్రములో లాగనీయలేదు. స్వతంత్రము వచ్చిన పిదప, బైట పోటీ లేని యంగడిలో, సంవత్సరములు కాచుకొని బండి కొనువాడు గుణము నడుగజాలని స్థితిని మనమే కల్పించుకొంటిమి. స్వదేశి ముద్రయే చాలునను వాదపు ఫలమదియే.

ముద్రను కొలుచు వెఱ్ఱి నేడును వదలలేదు. 2019లో సుజుకీవారి బెలీనో బండియే టొయోటా గుర్తు తగిలించుకొని గ్లాంజా అను పేర వచ్చినది. రెండును మంచి బండ్లే కావచ్చును. అందు దాపరికమును లేదు. కాని గుర్తు మారినంతనే గుణము మారెనని కొలువబోవు భక్తుని చూచి మాకు జాలి కలుగుచున్నది.

కొనువారికి మా మనవి: గుర్తును చూచి మొక్కకుడు, పరీక్ష ఫలిత మడుగుడు. 2023 అక్టోబరునుండి భారత్ ఎన్‌క్యాప్ అను మన సొంత పరీక్ష కలదు. అది తయారీదారుని ఇచ్ఛకు విడువబడినది; తప్పనిసరి చేయుడని ప్రభుత్వమును అడుగుడు. 2019 చట్టసవరణ దోషపుబండ్లను వెనుకకు పిలిపించు అధికారమును ప్రభుత్వమున కిచ్చినది; ఆ అధికారము బీరువాలో నిద్రింపరాదు.

పరిశ్రమాధిపతులకు మా హెచ్చరిక: జపాను యంత్రములు కొనితెచ్చుట సులభము, త్రాటిని తెచ్చుట కష్టము. త్రాడు లాగిన కూలివానిని మెచ్చుకొను గుండె మీకు కావలయును. బిడదిలోనే 2014లోను, 2020లోను తగవులు ముదిరి తలుపులు మూతపడినవి. నోరువిప్పిన పనివానిని గేటుకవతల నిలిపినచో, లోపల త్రాడును లాగువా డెవడు? భయముతో పనిచేయువాడు తప్పును దాచును; దాచిన తప్పు బాటమీద ప్రాణము తీయును. దైహాట్సు కథ చెప్పిన దిదియే.

స్వరాజ్యమనగా స్వదేశి ముద్ర కాదు. ఇతరులు నమ్మదగిన పని. వడ్రంగి కుమారుడు మగ్గమునకు నేర్పిన ధర్మమును మనము మన కార్ఖానాలకును, కచ్చేరీలకును, పాఠశాలలకును నేర్పుకొందము. పోగు తెగినచోట ఆగుదము. ముడివేసి మరల నేయుదము. అట్లు నేసిన గుడ్డకు పేరు దానంతటదే వచ్చును.