పంపేశాను అంటే పని అయిపోయినట్టేనా?

మెయిన్‌ఫ్రేమ్ మీద పనిచేస్తున్నానని చెప్తే "అవి ఇంకా ఉన్నాయా?" అని అడిగేవాళ్ళే ఎక్కువ. ఉన్నాయి బాబూ. చాలా పెద్ద బ్యాంకుల, ఇన్సూరెన్సు కంపెనీల లెక్కలు ఈరోజుకీ వాటి మీదే నడుస్తున్నాయి. కాలేజీలో జావా నేర్చుకుని వచ్చి, తీరా ఈ నల్ల తెర ముందు కూర్చోబెడితే మొహం మాడ్చుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఇప్పుడు దాని గొప్పలు చెప్పబోవట్లేదు. ఒక చిన్న కమాండు గురించి, అది వాడకుండా నేను చేసిన ఒక వెధవ పని గురించి చెప్తాను.

టీఎస్ఓలో ట్రాన్స్‌మిట్ అని ఒక కమాండు ఉంది. అందరూ ఎక్స్‌మిట్ అంటారు. అవతలి సిస్టమ్ నోడ్ పేరు, అవతలి మనిషి యూజర్ ఐడీ, మన డేటాసెట్ పేరు ఇస్తే చాలు, ఫైలు స్పూల్ మీదుగా వాళ్ళకి చేరుతుంది. వాళ్ళు రిసీవ్ అని కొట్టగానే "ఫలానా వాళ్ళ దగ్గర్నుంచి ఫలానా డేటాసెట్ వచ్చింది, ఏం చెయ్యమంటారు?" అని అడుగుతుంది. వేరే పేరుతో దాచుకోవచ్చు, వద్దనుకుంటే డిలీట్ అనొచ్చు. పంపేటప్పుడు నోటిఫై అని చేరిస్తే, వాళ్ళు తీసుకున్నాక మనకి కబురొస్తుంది.

"ఇందులో ఏముంది, మెయిల్ కూడా అంతేగా" అంటారేమో. అంతే కాదు. ఫైలుతో పాటు దాని వివరాలు కూడా వెళ్తాయి. రికార్డు పొడవెంత, ఫిక్స్‌డా వేరియబులా, మామూలు ఫైలా, మెంబర్లున్న పీడీఎస్సా, అన్నీ మూటలో ఉంటాయి. అవతల విప్పితే ఇవతల ఉన్నట్టే వస్తుంది. రెండు సిస్టమ్‌ల మధ్య కనెక్షన్ లేకపోయినా పర్వాలేదు. ఆ మూటని 80 బైట్ల రికార్డులున్న ఒక ఫైలుగా రాయించి, బైనరీలో దించి, బైనరీలోనే అటు ఎక్కించి, రిసీవ్ చేసుకోవచ్చు.

ఇదంతా నాకు ట్రైనింగులో చెప్పారు. పరీక్షలో రాశాను కూడా. ఇక అసలు కథకొస్తాను.

పోయినేడాది వేరే టీము వాళ్ళు ఒక టెస్ట్ ఫైలు అడిగారు. కస్టమర్ల పేర్లూ నంబర్లూ మార్చేసిన డేటాయే. వాళ్ళ సిస్టమ్‌కీ మాకూ కనెక్షన్ లేదు. శుక్రవారం సాయంత్రం, ఇంటికెళ్ళే తొందర. ఎక్స్‌మిట్ ఎవడు చేస్తాడులే అని నేరుగా ఎఫ్‌టీపీలో దించేసి, షేర్డ్ ఫోల్డర్‌లో పడేసి, "పంపాను" అని ఒక ముక్క మెయిల్ కొట్టి వెళ్ళిపోయాను. బైనరీ అని చెప్పకపోవడంతో అది టెక్స్ట్‌గా దిగింది.

టెక్స్ట్‌గా దిగితే ఎబ్సిడిక్ అక్షరాలు ఆస్కీలోకి మారతాయి. పేర్లకీ అడ్రసులకీ ఏమీ కాదు, తెరిచి చూస్తే శుభ్రంగా కనిపిస్తాయి. చిక్కంతా కాంప్-3 ఫీల్డులతోనే. 1257 అనే మొత్తం మూడు బైట్లలో 01, 25, 7సీ అని ఉంటుంది. ఎబ్సిడిక్‌లో 25 అంటే లైన్‌ఫీడ్! అది డబ్బు అని ఎఫ్‌టీపీకి ఏం తెలుసు? కొత్త లైను అనుకుని రికార్డుని అక్కడే విరిచేసింది.

అవతల నైట్ షిఫ్టులో ఉన్న అమ్మాయి దాన్ని ఎక్కించి జాబ్ సబ్మిట్ చేసింది. రాత్రి రెండింటికి సాక్ సెవెన్ అబెండ్. పొద్దున్న మెయిల్ చూస్తే "అప్‌లోడ్ సరిగ్గా చెయ్యలేదు" అని ఆ అమ్మాయి మీద పెట్టారు, మేనేజర్లందరూ సీసీలో ఉన్నారు. నా ఎఫ్‌టీపీ సెషన్ ఇంకా తెరిచే ఉంది. ఒక్క చూపులో తప్పు నాదేనని తెలిసిపోయింది.

ఐనా మధ్యాహ్నం దాకా నోరు మెదపలేదు. సీనియర్ ఒకాయన "వదిలెయ్, ఇప్పుడు కెలుక్కోవడం ఎందుకు" అన్నారు. చివరికి అందరికీ రిప్లై పెట్టాను, టెక్స్ట్‌లో దించింది నేనేనని. ఆ అమ్మాయి నుంచి వచ్చిన జవాబు రెండే లైన్లు: "థాంక్స్ అండీ. ఈసారి ఎలా దించారో కూడా రాసి పంపండి." తిట్టినా ఇంత సిగ్గనిపించేది కాదు.

అదే మూటని టెక్స్ట్‌లో ఎక్కించి ఉంటే రిసీవే ఒప్పుకునేది కాదు, ఫార్మాట్ తప్పని అక్కడే ఆపేసేది. అర్ధరాత్రి దాకా పోయేదే కాదు. నేను మిగుల్చుకున్న రెండు నిమిషాలకి వేరే మనిషి ఒక రాత్రి నిద్రా, పేరూ పోగొట్టుకుంది.

ప్రొడక్షన్‌లో కనెక్ట్ డైరెక్ట్ లాంటివి ఉన్నాయి, వాటిని తీసిపారెయ్యట్లేదు. తప్పులు జరిగేది మనిషికీ మనిషికీ మధ్య, "ఒక్క ఫైలేగా" అనుకున్నప్పుడు. కేటీ సెషన్లదీ ఇదే తంతు. వెళ్ళిపోయేవాడు నలభై స్లైడ్లు పంపి "ఇచ్చేశాను" అంటాడు. తీసుకున్నవాడికి ఏం అందిందో ఎవరూ అడగరు. తర్వాత ఏదైనా పగిలితే మాత్రం, ఆ టైముకి కుర్చీలో ఎవరుంటే వాళ్ళదే తప్పు.

నా మటుకు నేను ఒక నియమం పెట్టుకున్నాను. ఎంత చిన్న ఫైలైనా ఎక్స్‌మిట్ చేసే ఇస్తాను. మెయిల్‌లో రికార్డుల సంఖ్య రాస్తాను. అవతలివాళ్ళు విప్పి, లెక్క సరిపోయిందని చెప్పేదాకా అది నా పనే. పంపినవాడి బాధ్యత అవతలివాడి చేతికి సరిగ్గా అందాకే తీరుతుంది.

మీ టీముల్లో ఎలా ఉంటుందో? అబెండ్ అయినప్పుడు ముందు ఫైలుని చూస్తారా, మనిషిని చూస్తారా?