ఎగువ బాగుంటేనే మానేరు బాగు

కరీంనగర్ దాహం తీర్చే దిగువ మానేరు జలాశయం సామర్థ్యం 24 టీఎంసీలు. కాకతీయ కాలువ నీరు వచ్చి చేరుతున్నా మానేరు, మోయతుమ్మెద వాగులే దీనికి సహజ ఆధారం. ఆ వాగుల్లో ఇసుక తోడేస్తే భూగర్భ జలం అడుగంటుతుంది. గ్రానైట్ కోసం గుట్టలు తొలిస్తే వాన నీటి దారులు చెదిరి, రాతిపొడి కుంటల్లో చేరుతుంది. ఎరువులు, మురుగు కలిస్తే నాచు పెరిగి చేపలకు ఊపిరాడదు.

2015లో మొదలైన మిషన్ కాకతీయ చెరువుల పూడిక తీసింది. ఇప్పుడు పూడిక పుట్టే చోటే దాన్ని అరికట్టాలి. క్వారీ, ఇసుక అనుమతులిచ్చే ముందు పరీవాహక ప్రాంతమంతటినీ ఒక్కటిగా చూడాలి. శుద్ధి చేయని మురుగును జలాశయంలోకి రానివ్వకూడదు. నీటి పరీక్షల ఫలితాలను నెలనెలా ప్రజల ముందుంచాలి. తాగే నీటికి లెక్క అడగడం ప్రజల హక్కు, చెప్పడం అధికారుల బాధ్యత.