పిడికెడు గింజల పాఠం

క్రిస్మసు వచ్చిందంటే మన ప్రాంతంలో సందడే సందడి. నంద్యాల హోలీక్రాస్ కెథడ్రల్ మొదలు ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెల్లోని చిన్న చిన్న చర్చిల దాకా దీపాలు, పాటలు, కొత్త బట్టలు. ఉజ్జీవ కూటాల్లో కన్నీళ్లతో తీర్మానాలు చేసుకునే యువకులకూ కొదువ లేదు. కాని పందిరి విప్పిన వారం రోజులకే ఆ తీర్మానాలు ఏమైపోతున్నాయి? క్రైస్తవ జీవితం నిలబడేది పండుగనాటి ఉత్సాహం మీద కాదు, తెలిసి పట్టుదలతో చేసుకునే అనుదిన అలవాట్ల మీద అని నా అభిప్రాయం.

ఈ మాట మన గడ్డకు కొత్తది కాదు. చాగలమర్రి దగ్గరి ముత్యాలపాడు 19వ శతాబ్దంలో ఎస్.పి.జి. మిషన్ వారి ముఖ్య కేంద్రం. ఈ సీమలో సువార్త అందుకున్న వారిలో ఎక్కువమంది చదువుకు నోచుకోని కూలి జనం. పుస్తకం చదవలేని వారికి భక్తి ఎలా అబ్బింది? అలవాటు ద్వారానే! పగలంతా చేలల్లో ఒళ్లు వంచి, సాయంత్రం గంట కొట్టగానే ఊరి ఉపాధ్యాయుని దగ్గర చేరేవారు. ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు, కీర్తనలు విని విని కంఠస్థం చేశారు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పుగా 1912లో అభిషిక్తులైన వి.ఎస్. అజరయ్యగారి దోర్నకల్ అధ్యక్ష మండలంలో నంద్యాల కూడా ఒకప్పుడు భాగమే. పల్లె సంఘాలకు ఆరాధనతోపాటు ఇచ్చే అలవాటు కూడా నేర్పాలన్నది ఆయన పట్టుదల.

ఆ అలవాట్లన్నిటిలో నాకు గొప్పగా తోచేది ‘పిడికెడు బియ్యం’. వంటకు గింజలు కొలిచేటప్పుడు ఇల్లాలు ముందుగా ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేది. అది దేవుని పాలు. 1876–78 నాటి ఘోర క్షామాన్ని చూసిన సీమలో గింజ విలువ ఎంతో వేరే చెప్పాలా? ఇందులో మూడు సంగతులున్నాయి. పని చిన్నది, కనుక ఎవరైనా చేయగలరు. వేళ నిశ్చయం, పొయ్యి వెలిగించినప్పుడల్లా గుర్తుకొస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఆ పిడికెడు తన కోసం కాదు.

“రోజూ చేస్తే అది మొక్కుబడి అయిపోదా?” అని కొందరు మిత్రులు అడుగుతారు. ఆళ్లగడ్డ శిల్పులను చూడండి. ఒక్క దెబ్బకు రాయి విగ్రహం కాదు. మనసున్నా లేకున్నా ఉలి పట్టిన చేయే పనితనం నేర్చుకుంటుంది. దానియేలు దినానికి ముమ్మారు మోకరించాడు. యేసు ప్రభువు ఇంకా చీకటుండగానే లేచి ఏకాంతంగా ప్రార్థించాడు. ఐదు పూటల నమాజు చేసే మిత్రునికి, తెల్లవారుజామున సుప్రభాతం వినే మిత్రునికి ఈ సంగతి నేను చెప్పనక్కర లేదు.

అయినా ఆ ప్రశ్నలో నిజం లేకపోలేదు. ఉపవాసముంటూనే పనివారిని పీడించే వారిని యెషయా ప్రవక్త 58వ అధ్యాయంలో గట్టిగా మందలించాడు. పొరుగువాని ఆకలి పట్టని ప్రార్థన ఎన్ని గంటలు చేసినా ఉత్త మాటలే. పిడికెడు గింజల అలవాటు భక్తిని పొరుగువానికి ముడి వేసింది, అందుకే అది బతికిన భక్తి.

విద్యార్థి మిత్రులారా! ఊరి చర్చి గంట హాస్టలు గదికి వినిపించదు. ఇక్కడ మనల్ని లేపేది సెల్‌ఫోను, నిద్రపుచ్చేదీ అదే. అదీ ఒక అలవాటే, కాకపోతే మనం కోరి చేసుకున్నది కాదు. కనుక ఫోను ముట్టకముందు పది నిమిషాలు వాక్యానికీ ప్రార్థనకూ కేటాయించండి. టీ ఖర్చులో రోజుకు కొంత తీసిపెట్టి, ఫీజు కట్టలేని తోటి విద్యార్థికి అందించండి. ఉద్యోగాల్లో స్థిరపడిన పూర్వ విద్యార్థులు, మా అధ్యాపకులు కూడా ఇందులో చేయి కలపాలని మనవి. గంట మోగించే ఉపాధ్యాయుడు మన దగ్గర లేకపోవచ్చు. మన గంట మనమే కొట్టుకుందాం.