వాన మన చేతిలో లేదు, దుక్కి మన చేతిలోదే

ఎవరు రక్షణ పొందుతారో దేవుడు ముందే నిర్ణయించి ఉంటే, అవిశ్వాసుల కోసం క్రైస్తవులు ప్రార్థించడం దేనికి? నమ్మడం పూర్తిగా మనిషి ఇష్టమే అయితే, దేవుణ్ణి అడగడం దేనికి? ఎటు చూసినా చిక్కే!

ఐదో శతాబ్దంలో ఉత్తర ఆఫ్రికా బిషప్ అగస్టీన్ రెండో ప్రశ్నను పట్టుకున్నాడు. అవిశ్వాసులకు విశ్వాసమిమ్మని సంఘం ప్రార్థిస్తున్నదంటే, మనసు మార్చేది దేవుడేనని ఒప్పుకున్నట్టే కదా అన్నది ఆయన వాదన. మొదటి ప్రశ్నకు విలియం కేరీ జీవితమే జవాబు. దేవుని ఎన్నికను నమ్మిన కేరీ చేతులు ముడుచుకు కూర్చోలేదు. 1793లో బెంగాల్ చేరాడు. 1800 డిసెంబరులో గాని అక్కడ తొలి హిందువు ఆయన చేత బాప్తిస్మం పొందలేదు. ఏడేళ్ల ఎదురుచూపు!

సైన్సు చదువుతున్నా నేను రైతుబిడ్డనే. వాన తన చేతిలో లేదని మా నాన్నకు తెలుసు. అయినా దుక్కి మానడు. ముందే రాసి ఉందన్న మాట సోమరికి సాకు కాకూడదు. ఎన్నికైనవారి జాబితా ఏ మనిషీ చదవలేదు. కాబట్టి ఎదుటివాణ్ణి “వీడింతే” అని కొట్టేసే హక్కు ఎవరికీ లేదు. అతణ్ణి తక్కువవాడిగా చూస్తూ చేసేది ప్రార్థన కాదు, తీర్పు చెప్పడం.