రౌతు మనస్సు

గుఱ్ఱపు స్వారి యనగానే మనకు వీరులు స్ఫురింతురు. కళ్లెము బిగబట్టి, కొరడా ఝళిపించి, పొగరుబోతు గుఱ్ఱమును లొంగదీయువాడే మేటి రౌతని జనులు సామాన్యముగ తలంతురు. నా యభిప్రాయము వేఱు. మంచి రౌతు లొంగదీయవలసినది గుఱ్ఱమును గాదు. తన కోపమును, తన భయమును, తన తొందరపాటును. ఈ మూడింటిని గెలువలేనివాడు ఎంత బలశాలి యైనను గుఱ్ఱము మోయు బరువే కాని రౌతు కాజాలడు.

ఇందులకు కారణము గుఱ్ఱముయొక్క స్వభావమునందే కలదు. దానికి పులివలె గోళ్లు లేవు. ఎద్దువలె కొమ్ములు లేవు. అపాయమును దూరముననే పసిగట్టి పరుగెత్తుటయే దానికి ప్రకృతి యొసగిన ముఖ్యరక్షణము. కన్నులు తలకు ఇరుప్రక్కల నుండుటచే అది తన చుట్టునున్న ప్రదేశమును దాదాపు అంతయు చూడగలదు. కాని సరిగా తన వెనుకనున్నది గాని, నొసటికి ఎదురుగ మిక్కిలి దగ్గరనున్నది గాని దానికి కనబడదు. అందుచేతనే గుఱ్ఱము వెనుకకు చప్పుడు చేయక పోరాదని పెద్దలు హెచ్చరింతురు. ఈగ వాలినను చర్మమును జలదరింపజేయు ఆ జంతువునకు, వీపుపై కూర్చున్న మనుష్యుని వణకు తెలియకుండునా? భయపడిన రౌతు ఊపిరి బిగబట్టును, మోకాళ్లు బిగించును, పగ్గములు లాగును. ఇచట ఏదో అపాయమున్నదని గుఱ్ఱము తలచును. నాలుగైదు వందల కిలోగ్రాముల బరువుగల ఆ ప్రాణి బెదరి పరుగెత్తినచో, బాహుబలముతో నిలుపుట ఎవరి తరము?

గ్రీకు చరిత్రకారుడు ప్లూటార్కు చెప్పిన కథ యొకటి ఇచట స్మరింపదగియున్నది. మాసిడోనియా రాజగు ఫిలిప్పు నొద్దకు ఒక మేలుజాతి గుఱ్ఱమును అమ్మకమునకు తెచ్చిరి. దాని పేరు బ్యుసెఫాలసు. ఎవ్వరిని దరిజేరనీయక అది చిందులు త్రొక్కెను. రాజు దానిని తీసికొనిపొమ్మనెను. అప్పుడు బాలుడగు అలెగ్జాండరు ముందుకు వచ్చి, దాని మొగమును సూర్యుని వైపునకు త్రిప్పి, మెల్లగ నిమిరి, అదను చూచి పైకెక్కెను. గుఱ్ఱము తన నీడను చూచియే బెదరుచున్నదని అతడు కనిపెట్టెను. ఈ కథ విన్నవారు అలెగ్జాండరు ధైర్యమును కొనియాడుదురు. నేను మెచ్చునది అతని చూపును. తక్కినవారు గుఱ్ఱము చేయుచున్న అల్లరిని చూచిరి; అతడు ఆ అల్లరికి మూలమును చూచెను.

మన పూర్వులకును ఈ మర్మము తెలియును. మహాభారతమందలి నలుడు అశ్వములను నడపుటలో సాటిలేనివాడు. అతడెఱిగిన విద్యకు ‘అశ్వహృదయము’ అని పేరు. అశ్వబలమనక అశ్వహృదయమనుటలోనే గొప్ప వివేకమున్నది.

“కొరడా లేనిదే గుఱ్ఱము మాట వినదు” అని కొందఱందురు. దెబ్బకు జడిసి అది ఒకనాడు నడచిన నడువవచ్చును. కాని అది నేర్చుకొన్నది పని కాదు, జడుపు. అంతకంటె పెద్ద జడుపు ఎదురైననాడు, దారిలో ఒక కాగితము ఎగిరినను చాలును, అది రౌతును మఱచి పరుగెత్తును. క్రీస్తునకు పూర్వము నాలుగవ శతాబ్దమున అశ్వవిద్యను గూర్చి గ్రంథము రచించిన జెనొఫను సైతము, కోపముతో గుఱ్ఱమును సమీపింపరాదని బోధించెను. ఇది యుద్ధములలో తలపండిన సేనాని మాట. సుకుమారుని మాట కాదు. నేటి మంచి శిక్షకులదియు ఇదే మార్గము. వారు కాలితో మెల్లగ ఒత్తుదురు. గుఱ్ఱము అడుగు వేసిన మఱుక్షణమే ఆ ఒత్తిడిని తొలగింతురు. ఆ విడుదలయే దానికి బహుమానము. అదను తప్పి విడిచినచో అది తప్పు పాఠమును నేర్చును. కావున గుఱ్ఱము మాట విననప్పుడు, “నేను చెప్పినది దానికి తెలిసినదా?” అని రౌతు ముందుగ తన్ను తాను ప్రశ్నించుకొనవలెను.

ఈ గుణము ఒక్కనాట అలవడదు. నేర్చుకొనువాడు గుఱ్ఱము నెక్కుటకు ముందే దాని మేను తోమవలెను. డెక్కలలో చిక్కిన మట్టిని, రాళ్లను తీయవలెను. ఎక్కిన పిదప, శిక్షకుడు పొడవైన త్రాడు పట్టి గుండ్రముగ త్రిప్పుచుండ, పగ్గములను, ఒక్కొకప్పుడు రికాబులను సైతము విడిచి కూర్చుండుట అభ్యసింపవలెను. నెలల తరబడి అదే వలయము, అదే నడక. చూచువారికి విసుగు పుట్టును. కాని ఆ వలయముననే నడుము నిలుకడ నేర్చును, చేయి మెత్తనగును.

పడ్డవారెన్నడును చెడ్డవారు కారను సామెత రౌతు విషయమున అక్షరాల నిజము. పడని రౌతు అరుదు. అయినను, పడిన తక్షణమే లేచి మరల నెక్కుటయే శౌర్యమను మాటను నేను పూర్తిగ అంగీకరింపను. తలకు దెబ్బ తగిలినచో ముందు వైద్యునికి చూపవలెను. శిరస్త్రాణము ధరించుట పిఱికితనము కాదు. దేహము బాగుగ నున్నదని తెలిసిన పిదప, ఏల పడితినో యోచించి, ఆ లోపమును దిద్దుకొని మరల నెక్కుటయే పట్టుదల. కారణ మెఱుగక పదేపదే పడుట మొండితనము.

అట్టి పట్టుదలకు డెన్మార్కు దేశపు లిస్ హార్టెల్ నిదర్శనము. 1944లో, ఇరువదిమూడేండ్ల ప్రాయమున, గర్భవతిగ నున్నప్పుడు ఆమెకు పోలియో వ్యాధి సోకెను. మోకాళ్లకు దిగువ కాళ్లు చచ్చుబడెను. గుఱ్ఱమునకు ఆజ్ఞలందించునవి ముఖ్యముగ కాళ్లే గదా! ఆమె ఊతకఱ్ఱలతో నడచుట నేర్చుకొని, పిదప మరల గుఱ్ఱము నెక్కెను. నడుము కదలికతో, దేహభారముతో తన మనస్సును గుఱ్ఱమునకు తెలుపుట సాధించెను. 1952లో హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో, ఎక్కుటకును దిగుటకును పరుల సాయము కావలసిన ఆమె, జూబిలీ యను గుఱ్ఱముపై పురుషులతో పోటీపడి అశ్వవిన్యాసమున రజత పతకము గెలిచెను. అంతకు ముందు ఆ పోటీ సైనికాధికారులకే పరిమితము. స్త్రీలకు ప్రవేశము లభించినది ఆ యేడే. 1956లోను ఆమెకు రజతమే లభించెను.

మనవారును వెనుకబడి లేరు. 2023 సెప్టెంబరు 26వ తేదీన, చైనాలోని హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో, సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్, హృదయ్ ఛేడా, అనూష్ అగర్వల్లా అను భారతీయ యువతీయువకులు అశ్వవిన్యాసమున జట్టుగ స్వర్ణ పతకము సాధించిరి. 1982 తరువాత ఆసియా క్రీడల గుఱ్ఱపు స్వారిలో మనకు స్వర్ణము లభించుట అదియే మొదలు. ఆ పోటీ వేగమునకు కాదు. గుఱ్ఱమును రౌతును ఒకే ప్రాణమువలె మెలగుటకే అచట మార్కులు.

విద్యార్థులారా! మీలో పెక్కుమందికి గుఱ్ఱము నెక్కు అవకాశము కలుగకపోవచ్చును. కాని తమ్మునికి లెక్క నేర్పునప్పుడు, కాడిక్రింద మొరాయించు కోడెను అదిలించునప్పుడు, ఆటలో జట్టును నడపునప్పుడు మీరును పగ్గములు పట్టినవారే. ఎదుటి ప్రాణి మీ మాట విననప్పుడు చేయి ఎత్తకుడు. అది ఏ నీడను చూచి బెదరుచున్నదో ముందుగ కనుగొనుడు.