వృక్షవిశేషము

ముప్పయి యేళ్ళకు పైగా తెలుగు పాఠాలు చెప్పాను. ఆ కాలమంతా నేను చేస్తూ వచ్చిన తప్పొకటి ఈ మధ్యనే తెలిసివచ్చింది. పద్యంలో చెట్టు పేరు రాగానే ప్రతిపదార్థంలో "వృక్షవిశేషము" అని చెప్పి సాగిపోయేవాణ్ణి. నా గురువులూ నాకు అలాగే చెప్పారు. నిఘంటువులు కూడా చాలాచోట్ల అంతకు మించి చెప్పవు. పిల్లలు దానినే వల్లె వేసి పరీక్షలో వ్రాసేవారు, నేను మార్కులు వేసేవాణ్ణి. ఆ చెట్టు మా బడి ప్రహరీ పక్కనే ఉండవచ్చునన్న ఆలోచన నాకూ రాలేదు, వాళ్ళకూ రాలేదు.

ఈ పశ్చాత్తాపానికి కారణం ఎక్కడో ఆఫ్రికాలోని ఒక చెట్టు.

కామెరూన్ దేశంలో ఎబో అనే వర్షారణ్యం ఉంది. 2020లో అక్కడి ప్రభుత్వం అందులో కలప కొట్టుకోవడానికి అనుమతి ఇచ్చింది. స్థానికులు, శాస్త్రజ్ఞులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. హాలీవుడ్ నటుడు లియొనార్డో డికాప్రియో కూడా గొంతు కలిపాడు. ఆగస్టులో ప్రభుత్వం ఆ అనుమతిని ఉపసంహరించుకొంది. 2022 జనవరిలో లండన్ క్యూ ఉద్యానవనపు శాస్త్రజ్ఞులు, కామెరూన్ శాస్త్రజ్ఞులు కలిసి ఆ అడవిలోని ఒక చిన్న చెట్టును కొత్త జాతిగా ప్రకటించి, ఆ నటుని పేరు మీద "ఊవరియాప్సిస్ డికాప్రియో" అని నామకరణం చేశారు. అది మన సీతాఫలం కుటుంబానికి చెందినదే. పసుపుపచ్చని పూలు కొమ్మల చివర కాక మాను మీదనే పూస్తాయి. లోకానికి పరిచయమైన రోజే అది తీవ్రంగా అంతరించే ప్రమాదమున్న జాతులలో చేరింది.

కొత్త జాతిని "వర్ణించడం" అంటే ఏమిటో కుతూహలం కలిగి చదివాను. మనం ప్రబంధాలలో చేసే వర్ణన కాదది. తర్కశాస్త్రంలో "లక్షణం" అంటామే, అది. ఆవుకు లక్షణం చెప్పమంటే "కొమ్ములు గలది" అనరాదు, గేదెకూ కొమ్ములుంటాయి గనుక అతివ్యాప్తి. "కపిలవర్ణం గలది" అనరాదు, తెల్లావు మిగిలిపోతుంది గనుక అవ్యాప్తి. "ఒంటి డెక్క గలది" అంటే ఏ ఆవుకూ అమరదు గనుక అసంభవం. "గంగడోలు గలది" అంటే సరిపోతుంది. వృక్షశాస్త్రజ్ఞుడు చేసేదీ ఇదే. దగ్గరి చుట్టాలైన చెట్లన్నిటి నుండి ఈ చెట్టును వేరుచేసే గుర్తులను చెప్పాలి. ఎండబెట్టిన కొమ్మనొకదాన్ని సాక్ష్యంగా వృక్షసంగ్రహాలయంలో భద్రపరచాలి. ఆపైన ప్రచురించాలి. 2011 వరకు ఆ లక్షణాన్ని లాటిన్‌లోనే వ్రాయాలన్న నియమం ఉండేది; 2012 నుండి ఇంగ్లీషుకూ చోటు దొరికింది.

ఈ విద్య మన గడ్డకు కొత్త కాదు. విలియం రాక్స్‌బరో అనే స్కాట్లండు వైద్యుడు 1781 నుండి పన్నెండేళ్ళ పాటు సామర్లకోటలో ఉండి మన చెట్లను పరిశీలించాడు. స్థానిక చిత్రకారుల చేత బొమ్మలు గీయించాడు. మూడు వందల చిత్రపటాలతో ఆయన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథం 1795 మొదలు మూడు సంపుటాలుగా వెలువడింది. చెట్టు కనబడితే ఆయన తెలుగువాళ్ళను పేరు అడిగి వ్రాసుకొన్నాడు. బెరడుతో జ్వరం తగ్గించే "సోమిద" మాను పేరు అలా ఆయన పుస్తకానికెక్కి, తరువాత "సోయ్‌మిడా" అన్న ప్రజాతి నామంగా ప్రపంచమంతటా స్థిరపడింది. పరదేశి మన చెట్టును మన మాటతో పిలిచాడు. తెలుగు పండితుణ్ణైన నేను మాత్రం "వృక్షవిశేషము" అన్నాను!

ఇక మా ఊరి సంగతి. నేను మొయినాబాదు వాస్తవ్యుణ్ణి. అక్కడి నుండి చేవెళ్ళ బడికి ఏళ్ళ తరబడి బస్సులో తిరిగాను. దారికి రెండు పక్కలా మర్రిచెట్లు. నడివేసవిలో కూడా బస్సు కిటికీలో నీడ తరిగేది కాదు. లినేయస్ 1753లోనే ఫైకస్ బెంగాలెన్సిస్ అని పేరుపెట్టిన చెట్టు అది. కొత్తదీ కాదు, అరుదైనదీ కాదు. మన పూర్వులు "న్యగ్రోధము" అన్నారు, అంటే క్రిందికి పెరిగేది. ఊడలను చూసి ఒక్క మాటలో చెప్పిన లక్షణం అది. ఆ పదం పాఠంలో ఎన్నిసార్లు వచ్చిందో! కిటికీలోంచి చూడమని ఒక్కసారీ పిల్లలకు చెప్పలేదు.

అప్పా కూడలి నుండి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల రహదారిని నాలుగు వరుసలు చేయాలన్నప్పుడు ఈ చెట్లు అడ్డమయ్యాయి. కొందరు ప్రకృతి ప్రేమికులు దారి పొడవునా తిరిగి ఒక్కొక్క మర్రినీ లెక్కించి, దాని స్థానం నమోదు చేశారు. లెక్క తొమ్మిది వందలు దాటింది. 2021లో విషయం జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు వెళ్ళింది. 2025 చివరకు, అత్యధిక వృక్షాలను ఉన్నచోటనే ఉంచి, కొన్నింటిని తరలించి దారి వేసే ఒప్పందం కుదిరింది.

ఆ ఏడాది నవంబరు 3న మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు బస్సును ఢీకొని 19 మంది చనిపోయారు. నేను తిరిగిన దారి, నేను ఎక్కిన లాంటి బస్సు. ఆ తరువాత "చెట్లు ముఖ్యమా, మనుషులు ముఖ్యమా?" అని నన్నడిగిన వాళ్ళున్నారు. వారి దుఃఖం ముందు వాదన పెట్టుకోను. దారి వెడల్పు కావలసిందే. ఆలస్యం ఎవరికీ మేలు చేయలేదు. కాని ఆ లెక్కేదో పనులు తలపెట్టిన మొదటి రోజే ప్రణాళికలో ఉండి ఉంటే ఇన్నేళ్ళ జాప్యమే ఉండేది కాదు కదా! పేర్లూ అంకెలూ లేకుండా "దారి పక్క చెట్లు" అని కాగితం మీద వ్రాసుకోవడమూ "వృక్షవిశేషము" అనడమూ నా దృష్టిలో ఒక్కటే.

తర్కంలో జాతి వేరు, వ్యక్తి వేరు. ఎబో అడవి చెట్టుకు జాతి పేరు కావలసివచ్చింది. మా మర్రులకు జాతి పేరు ఎప్పుడో ఉంది. లేనిది వ్యక్తి గుర్తింపు. వందేళ్ళ మర్రి పోతే మర్రి జాతికి లోటు లేదు. కాని దాని తొర్రలో కాపురముండే పిట్టకు, దాని నీడన కూరగాయల గంప దించుకొనే తల్లికి లోటే. "మర్రి చాలా ఉంది" అన్న సమాధానం వారికి పనికిరాదు.

2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం స్థానిక సంస్థలు ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు తయారుచేయాలి. అందులో చెట్లనూ వాటి స్థానిక నామాలనూ వ్రాయవచ్చు. ఈ పని తెలుగు అయ్యవార్లది, పిల్లలది కావాలని నా అభిప్రాయం. గొర్రెలు కాసే పెద్దమనిషి దగ్గరకు పిల్లవాణ్ణి పంపితే, "తాతా, ఈ చెట్టును ఏమంటారు?" అన్న ప్రశ్నతో సగం పాఠం పూర్తవుతుంది. ఆ పెద్దలు ఉన్నన్నాళ్ళే ఆ పేర్లు.

నా వంతుగా మొన్న ఉదయం ఒక నోటుపుస్తకం, కొలత టేపు పట్టుకొని ఇంటి నుండి బయలుదేరాను. మొదటి పేజీలో ఒక మర్రి, ఒక వేప, ఒక కానుగ చేరాయి. నాలుగో చెట్టు పేరు నాకు తెలియలేదు. ఆ గడిని ఖాళీగా ఉంచాను. "వృక్షవిశేషము" అని మాత్రం వ్రాయలేదు.